ఆ గుండె మిషను ఎవరికీ ఇవ్వను

మా ధర్మవరం ఇంట్లో అటక మీద, పాత జరీ డబ్బాల వెనక, అరచేతిలో పట్టేంత తెల్ల మిషను ఒకటి ఉంది. దానికొక వైరు, వైరు చివర బొటనవేలంత ముక్క. ఆ ముక్కను కడుపుతో ఉన్న మనిషి పొట్ట మీద పెడితే లోపలి బిడ్డ గుండె చప్పుడు వినిపిస్తుందని చెప్పి అమ్ముతారు. దానికోసం ఇప్పటికి నలుగురు వచ్చి అడిగారు. ఇద్దరు మా వీధివాళ్ళు, ఒకరు మా మరిది కూతురు, నాలుగో మనిషి పెనుకొండ నుంచి మా వియ్యపురాలు. నేను ఎవరికీ ఇవ్వలేదు. ఇంట్లో ఊరికే పడి ఉన్న వస్తువును కడుపుతో ఉన్న పిల్లకు ఇవ్వని మనిషి అని నాకు పేరు వచ్చింది. వస్తే రానీ. ఎందుకు ఇవ్వనో అడిగినవాళ్ళకు అరుగు మీద నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదు కాబట్టి ఇక్కడ మొదటినుంచీ చెబుతున్నాను.

ముందు మా మగ్గాల సంగతి చెప్పాలి. అది లేకుండా మిగతాది అర్థం కాదు.

నేను ఈ ఇంటికి కోడలుగా వచ్చేనాటికి రెండు గుంత మగ్గాలు ఆడుతుండేవి. ముందు గదిలో మా ఆయన, పక్క గదిలో మా మరిది. మధ్య వాకిట్లో రాట్నం పెట్టుకుని నేను కండెలు చుట్టేదాన్ని. కండె అంటే చిన్న పుల్ల, దానికి పట్టు దారం చుట్టి నాడెలో పెడితే నాడె అటూ ఇటూ పరిగెత్తి చీర నేస్తుంది. కండె అయిపోయేలోపల ఇంకో కండె నేసేవాడి చేతికి అందాలి. లేకపోతే మగ్గం ఆగిపోతుంది, ఆగితే మా ఆయన నోరు మొదలవుతుంది. రెండు గదుల్లోకి మాటిమాటికీ తొంగి చూస్తే రాట్నం మీద దారం తెగుతుంది. అందుకని చెవులతోనే చూడాలి. మా అత్త నాకు మొదటి నెలలో నేర్పింది అదే. కళ్ళు రాట్నం మీద, ఒక చెవి ఒక మగ్గానికి, రెండో చెవి రెండో మగ్గానికి.

కొత్తలో ఒకసారి నాకు తలవంపులయ్యాయి. ఒకరోజు మా మరిది చెప్పకుండా సినిమాకు పోయాడు. మా ఆయన ఒక్కడే నేస్తున్నాడు. ఆ మగ్గం దెబ్బ చప్పుడు ఎదురు గోడకు తగిలి పక్క గదిలో నుంచి వచ్చినట్టు నాకు వినపడింది. రెండు మగ్గాలూ ఆడుతున్నాయనుకుని నేను మరిది చీరకు కావాల్సిన ఆకుపచ్చ కండెలు గంపెడు చుట్టి పెట్టాను. సాయంత్రం అందరూ నవ్వారు. మా అత్త నవ్వలేదు. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. ఇద్దరు మనుషులు నేసే మగ్గాలు కాసేపు ఒకే దెబ్బ మీద నడిచినట్టే ఉంటాయి. నువ్వు ఊపిరి బిగబట్టుకుని విను. ఎక్కడో ఒకచోట ఒకటి ముందుకు పోతుంది, ఒకటి వెనక పడుతుంది. ఎంతసేపు విన్నా విడిపోకపోతే అక్కడ రెండో మగ్గం లేదు, గోడే పలుకుతోంది అని.

ముప్పై ఏళ్ళు నేను ఆ మాట మీదే కండెలు అందించాను. మళ్ళీ ఎప్పుడూ పొరపాటు పడలేదు.

ఇంకొక సంగతి ఉంది, అది నేను ఎక్కువగా చెప్పను. నా మొదటి కాన్పు. నెలలు నిండినాక ఒకరోజు బిడ్డ కదలడం తగ్గింది. ఇంట్లో చెప్పాను. కాన్పు దగ్గర పడితే బిడ్డ నిద్రపోతుంది, బయటికి రావడానికి బలం కూడగట్టుకుంటుంది అన్నారు. వీధిలో నలుగురిని కన్న ఆడవాళ్ళందరూ అదే అన్నారు. నాకు పంతొమ్మిదేళ్ళు. నేను విన్నాను. విని రెండు రోజులు రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టాను. మూడో రోజు ఆసుపత్రికి తీసుకుపోయారు. మగబిడ్డ. నాకు ముఖం చూపించలేదు. చెప్పినవాళ్ళలో ఒక్కరి మీదా నాకు కోపం లేదు, వాళ్ళకు తెలిసింది వాళ్ళు చెప్పారు. కోపమంతా ఆ రాట్నం ముందు కూర్చున్న పిల్ల మీదే. లేచి నడవలేకపోయిందా అని.

ఆ తర్వాత పుట్టిన నా కూతురిని పెనుకొండకు ఇచ్చాం. అల్లుడు కంపెనీలో పని చేస్తాడు. షిఫ్టులు. నెమ్మదైన మనిషి, ఇంట్లో గిన్నె కింద పడినా ముందు దెబ్బ ఎవరికి తగిలిందని చూస్తాడు. నా కూతురికి మొదటిసారి కడుపు మూడో నెలలో పోయింది. రెండోసారి నిలబడినప్పుడు ఆ పిల్లాడు భయంతో ఈ మిషను తెప్పించాడు. దాని పేరు డాప్లరు అని చెప్పాడు. పొద్దున్నే లేచి స్నానం చేసి, దేవుడి దగ్గర దండం పెట్టుకుని, భార్యను పడుకోబెట్టి, పొట్టకు జెల్లు రాసి ఆ ముక్కను తిప్పుతాడు. చప్పుడు దొరకగానే ఫోనులో పట్టి అందరికీ పంపిస్తాడు. జెల్లు అయిపోతే కొబ్బరినూనె, అదీ లేకపోతే పెరట్లోని కలబంద.

అబద్ధం ఎందుకు, నేనూ విన్నాను. రోజూ తొమ్మిదింటికి ఫోను టింగుమంటుంది. గబగబా, గబగబా, తడి బట్టను రాయి మీద వేగంగా ఉతుకుతున్నట్టు. మా ఆయన మగ్గం ఆపి మరీ వినేవాడు. విని, ఇంత వేగంగా నేసేవాడు మన వంశంలో లేడే అని నవ్వేవాడు. మా వియ్యపురాలు ఆ చప్పుడును పక్కింటివాళ్ళకు కూడా వినిపించేది. వాళ్ళు ఆడపిల్లో మగపిల్లాడో చెప్పేవాళ్ళు, ఇంత వేగమైతే ఆడపిల్లే అని ఒకరు, లేదని ఒకరు. హిందూపురంలో చూసే డాక్టరమ్మ మాత్రం ఇంట్లో ఇవన్నీ పెట్టుకోవద్దని ఆరో నెలలోనే చెప్పిందట. ఆ మాట నాకు తర్వాత తెలిసింది. ఆమె చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. గుండె వినపడుతుంటే వద్దనడం ఏంది, డాక్టర్లకు వాళ్ళ దగ్గరికి పోతేనే బాగుంటుంది అనుకున్నారు.

ఏడో నెలలో సీమంతం చేసి పిల్లను నేను తీసుకురావాలి. మా ఆయన అప్పుడే నడుము పట్టేసి మంచానికి అతుక్కుపోయాడు. ఆయన లేచి తిరిగేసరికి పిల్లకు ఎనిమిదో నెల పడింది. ఎనిమిదో నెలలో కడుపుతో ఉన్న మనిషిని ఊరు దాటించరు మా వైపు. కాన్పుకు తొమ్మిదిలో తీసుకుపోదువులే అని వియ్యపురాలు ఫోనులో చెప్పింది. సరే, పిల్ల రాకపోతే నేనే పోతానని సజ్జ బూరెలు, వేయించిన చెనిగ్గింజలు, బెల్లం మూట కట్టుకుని ధర్మవరంలో పొద్దుటి రైలెక్కి పెనుకొండలో దిగాను.

పోయిన రోజే నాకు ఒకటి తోచింది. ఆ ఇంట్లో పిల్లను ఎవరూ బిడ్డ కదిలిందా అని అడగడం లేదు. నేను కడుపుతో ఉన్నప్పుడు మా అత్త రోజుకు పదిసార్లు అడిగేది, ఏమ్మే, తన్నిందా అని. విసుగొచ్చేది. ఇక్కడ పొద్దున మిషను పెడతారు, అంకె చూస్తారు, ఫోనులో పంపుతారు, ఆ రోజుకు ఆ లెక్క అయిపోయింది. పిల్ల కూడా పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చోవడం మానేసింది. ఏమన్నా అనుమానం వస్తే చెయ్యి మిషను మీదకే పోతుంది.

మూడో రోజు. అల్లుడికి మధ్యాహ్నం షిఫ్టు, ఇంట్లోనే ఉన్నాడు. ఎప్పటిలాగే పిల్లను పడుకోబెట్టి మిషను తిప్పాడు. చాలాసేపు చప్పుడు దొరకలేదు. గరగర, గాలి వీచినట్టు. పిల్ల ముఖంలో రక్తం లేదు. అటు తిప్పి ఇటు తిప్పి బొడ్డుకు కొంచెం పైన పెడితే దొరికింది. అందరూ ఊపిరి వదిలారు. వియ్యపురాలు చేతులెత్తి మొక్కి పొయ్యి దగ్గరకు పోయింది.

నేను పోలేదు. ఆ చప్పుడు నాకు తెలిసిన చప్పుడు కాదు. నెలల తరబడి ఫోనులో విన్నది నా చెవిలో ఉంది. అది తడి బట్ట ఉతికినట్టు టపటపా ఉండేది. ఇది తిత్తి ఊదినట్టు, ఉస్సు, ఉస్సు అని ఉంది. పైగా నిదానం.

కూతురి పక్కన కూర్చుని అడిగాను.

“బిడ్డ కదుల్తాండాదా?”

పిల్ల ముందు మొగుడి వైపు చూసింది. తర్వాత చెప్పింది.

“నిన్న మజ్జాన్నం నుంచి సరిగా తెలియడంల్యా మా.”

“నిన్న మజ్జాన్నం నుంచా? నేను ఈడనే ఉండా గదా, చెప్పల్ల గదా.”

“సాయంత్రం మిషన్ పెట్టుకున్యా. వినపడింది. బాగుండాదిలే అనుకున్యా.”

ఆ రాట్నం ముందు కూర్చున్న పిల్ల నాకు కనపడింది. ఆమెకు వీధిలో ఆడవాళ్ళు చెప్పారు, ఈమెకు మిషను చెప్పింది. అంతే తేడా.

అల్లుడు మిషను నాకేసి తిప్పి అంకె చూపించాడు. మంచి మాటగానే చెప్పాడు.

“చూడత్తా, నూట పద్దెనిమిది వస్తాండాది. నూట పది నుంచి నూట అరవై దాకా ఉండొచ్చని దీంతో వచ్చిన బుక్కులో రాసినారు. లోపలే ఉండాది గదా. భయపడొద్దు.”

నాకు మూడో తరగతి చదువు. నూట పది కంటే నూట పద్దెనిమిది ఎక్కువని తెలుసు. ఆ పిల్లాడు తప్పు చెప్పలేదు. అంకె సరిగానే ఉంది. నేను మాత్రం ఆ అంకెను చూడలేదు. నా కూతురి మణికట్టు పట్టుకున్నాను. మిషను పక్కన పలుకుతూనే ఉంది.

ఉస్సు, వేలి కింద నాడి. ఉస్సు, నాడి. ఉస్సు, నాడి.

ఊపిరి బిగబట్టాను. విడిపోతుందేమో చూద్దామని. పిల్లకు మొదటినుంచీ రక్తం తక్కువ, ఆ పైన భయం, నాడి గబగబా కొట్టుకుంటోంది. అల్లుణ్ణి ఆ ముక్క కదపకుండా అట్లాగే పట్టుకోమన్నాను. పది, ఇరవై, ముప్పై. ఒక్కటి ముందుకు పోలేదు. ఒక్కటి వెనక పడలేదు.

ఇంకా నా అనుమానం తీరక పిల్లను లేపి పెరటి తలుపు దాకా రెండుసార్లు నడిపించి మళ్ళీ పడుకోబెట్టాను. అల్లుడు అదే చోట మిషను పెట్టాడు. నూట ముప్పై రెండు. వేలి కింద నాడి కూడా అంతే ఎగిరింది. దానితోటే. నడిచింది నా కూతురు. లోపలున్న బిడ్డ ఎక్కడికీ నడవలేదు.

నేను చెప్పాను.

“ఇది బిడ్డ గుండె గాదప్పా. నా కూతురిదే మనకు వినపడ్తాండాది. ఈడ ఒక్క మగ్గమే ఆడ్తాండాది.”

అల్లుడికి మగ్గం మాట అర్థం కాలేదు. పిల్ల మణికట్టు నువ్వే పట్టుకుని చూడు అన్నాను. పట్టి చూశాడు. అతని ముఖం చూస్తే అర్థమైనట్టే ఉంది, కానీ ఒప్పుకోవాలంటే ఎంత కష్టం. రోజూ స్నానం చేసి దండం పెట్టుకుని విన్న చప్పుడు. ఇంకోసారి వెతుకుతానత్తా, కింద వైపు దొరుకుతుందేమో, పది నిమిషాలు అన్నాడు. నేను వద్దన్నాను. పది నిమిషాలు వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది, దొరికితే మళ్ళీ కూర్చుంటాం. హిందూపురం పోదాం, ఇప్పుడే అన్నాను.

అప్పటికి వియ్యపురాలు పొయ్యి దగ్గర నుంచి వచ్చి గడప దగ్గర నిలబడింది. ఆమె చెడ్డ మనిషి కాదు. నా కూతురికి తన చేత్తో తల దువ్వే మనిషి. కానీ గడపకు అడ్డంగా నిలబడింది.

“ఎనిమిదో నెల్లో కడుపుతో ఉండే పిల్లను ఊరు దాటిచ్చేది మా ఇంట్లో ల్యా వదినా. రోడ్డంతా గుంతలు. గుర్రం పరిగెత్తినట్ల వినపడ్తాంటే నీకేం అనుమానమొచ్చె?”

“ఆ గుర్రం నీ కోడలిది వదినా. లోపలుండేదాని చప్పుడు యాడుండాదో తెలీకనే పోతాండా.”

“కాన్పు ముందర బిడ్డ నిద్ర పోతాది. నీకు తెలీదా, కన్నదానివి.”

ఆ మాట ఆమె అనకుండా ఉంటే నేను కొంచెం మెత్తగా మాట్లాడేదాన్నేమో. ఆ మాట వినగానే నా గొంతు నాకే కొత్తగా వినపడింది. గట్టిగా అరవలేదు. నిదానంగానే చెప్పాను.

“ఒకసారి ఈ మాట విని ఇంట్లో కూచున్యా. ఇంగ జన్మలో కూచోను. నువ్వు జరుగు వదినా, జరక్కపోతే నిన్ను ఎత్తి పక్కన పెట్టి పోతా.”

ఆమె నాకంటే రెండింతల మనిషి. ఎత్తడం నా వల్ల కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా జరిగింది. జరిగింది నా మాటకు కాదు. వెనక నా కూతురు లేచి చెప్పులు వేసుకుంటోంది. ఎవరి ముఖమూ చూడకుండా, పోదాం పద మా, అంది. అత్తగారింట్లో ఆ పిల్ల ఎదురు మాట్లాడడం నేను చూసిన మొదటిసారి అది.

ఎదురింటాయనకు బాడుగ కారు ఉంది. నేను పోయి పిలుచుకొచ్చాను. కారు కదిలేటప్పుడు అల్లుడు ముందు సీటులో ఎక్కి కూర్చున్నాడు, కంపెనీకి రాలేనని ఫోను చేశాడు. దారి పొడుగునా నేను పిల్ల పొట్ట మీద చెయ్యి తీయలేదు. సోమందేపల్లి దాటినాక ఒకసారి లోపల ఏదో తగిలినట్టు అనిపించింది. తగిలిందో, కారు గుంతలో పడిందో. నేను చెప్పలేదు. చెబితే వెనక్కి తిప్పుతారేమోనని భయం.

హిందూపురంలో డాక్టరమ్మ పొట్టకు రెండు బెల్టులు కట్టింది. పెద్ద మిషను, దానిలో నుంచి కాగితం వస్తూ ఉంటుంది, దాని మీద గీతలు. ఆమె కూడా వెతికింది. కానీ ఆమె వెతికేటప్పుడు పిల్ల వేలికి ఒక క్లిప్పు పెట్టింది, తల్లి నాడి వేరుగా తెలిసేదానికి. అది చూసి నాకు కొండంత ధైర్యం వచ్చింది. ఈమెకు రెండు మగ్గాల సంగతి తెలుసు అనుకున్నాను.

కింద వైపు, ఎడమ పక్కన, దొరికింది. టపటపా, ఆ తడి బట్ట చప్పుడే. బతికే ఉంది. కానీ డాక్టరమ్మ ముఖం విప్పారలేదు. కాగితం వంక చూస్తూ ఉంది. ఆ చప్పుడు కాసేపు పరిగెత్తి, ఉన్నట్టుండి దిగజారి, మళ్ళీ మెల్లగా ఎక్కుతోంది. ఎప్పటినుంచి కదలిక తగ్గిందని అడిగింది. నిన్న మధ్యాహ్నం నుంచి అని పిల్ల చెప్పింది. మరి ఇప్పుడా వచ్చేది అంది. ఇంట్లో మిషనులో వినపడిందని అల్లుడు చెప్పాడు. ఆమె కోపంగా అనలేదు, అలిసిపోయినట్టు అంది.

“గుండె వినపడ్తా ఉందంటే బిడ్డ బాగుందని కాదయ్యా. బాగలేని బిడ్డ గుండె కూడా కొట్టుకుంటానే ఉంటుంది. కదలడం తగ్గిందంటే వచ్చేయాల. చూపించుకోవాల. అంతే.”

మాయ సరిగా పని చేయడం లేదు, బిడ్డకు లోపల తిండీ గాలీ అందడం లేదు, ఇప్పుడే ఆపరేషన్ చేసి తీయాలి అంది. అల్లుడు కాగితం మీద సంతకం పెట్టాడు. ఆ పిల్లాడిని ఆ రోజు నేను ఒక్క మాట అనలేదు. అనాలనీ అనిపించలేదు.

ఆడపిల్ల. రెండు కిలోలు కూడా లేదు. ఏడవడానికి కొంచెం ఆలోచించింది, తర్వాత ఏడ్చింది. పన్నెండు రోజులు అద్దాల పెట్టెలో పెట్టారు. ఆ పన్నెండు రోజులూ నేను హిందూపురం ఆసుపత్రి మెట్ల మీదే అన్నం తిన్నాను. తర్వాత తల్లీబిడ్డను ధర్మవరం తీసుకొచ్చాను. వాళ్ళ సామానుతో పాటు ఆ మిషను కూడా సంచిలో వచ్చింది. మా ఇంటికొచ్చిన రోజే దాన్ని అటక ఎక్కించాను. ఇప్పుడు ఆ బిడ్డకు ఏడాదిన్నర. మగ్గం గుంతలోకి దిగి వాళ్ళ తాత కాళ్ళ మధ్య కూర్చుని దారాలు పీకుతుంది. ఆయన ఒక్క మాట అనడు. నేను పీకితే ఇల్లు లేచిపోయేది.

ఇక్కడితో కథ అయిపోయిందనుకున్నాను. కాలేదు. పెనుకొండలో మాట వేరే రకంగా పాకింది. మొదట్లో, ఎనిమిదో నెలలో ఊరు దాటించి బిడ్డను ముందే కోసి తీయించింది, ఆ అమ్మకు తొందర అన్నారు. బిడ్డ తేరుకుని బొద్దుగా అయినాక మాట మారింది. మిషను ఉండబట్టే బిడ్డ బతికింది అన్నారు. కలిసొచ్చిన మిషను అన్నారు. మాలో ఒక పద్ధతి ఉంది. సుఖంగా కాన్పు జరిగిన ఇంటి నుంచి ఉయ్యాల చీరో, బిడ్డ తొడుక్కున్న చొక్కానో తీసుకుపోయి తర్వాత కడుపుతో ఉన్న పిల్లకు ఇస్తారు, ఆ మంచి ఈమెకూ రావాలని. ఉయ్యాల చీర అడిగితే నేను రెండు చీరలు ఇచ్చేదాన్ని. అడిగింది మిషను.

వియ్యపురాలి కూతురికి ఐదో నెల. దానికోసం ఆమె బస్సెక్కి ధర్మవరం వచ్చింది. కాఫీ పెట్టాను. సంగతి చెప్పింది. ఇవ్వనన్నాను. ఆమె మొదట నవ్వులాట అనుకుంది. తర్వాత గ్లాసు కింద పెట్టింది.

“నువ్వు కనిపెట్టింది ఆ మిషన్ పెట్టబట్టే గదా వదినా. అది లేకుంటే నీకు తెలిసేదా?”

ఈ మాట నన్ను చాలామంది అడిగారు, మా ఆయన కూడా అడిగాడు. అందరికీ నాది ఒకటే జవాబు.

“అది లేకుంటే నా కూతురు ముందురోజు మజ్జాన్నమే నాకు చెప్పుండేది. ఒక దినం పోగొట్టింది ఆ మిషన్. పోయిన దినం మనకు తిరిగొచ్చింది, అందరికీ రాదు.”

అల్లుడు ఒకటి అంటాడు. మిషన్ తప్పేముందత్తా, పెట్టడం మనకు చేతకాలేదు అని. నిజమే. చేత కాలేదు. మీ చెల్లెలికి చేతనవుతుందా అప్పా అని అడుగుతాను. నాకున్న చెవి వాళ్ళకు లేదని నేను అనడం లేదు. ఆ చప్పుడు వినగానే నాకే కళ్ళ నీళ్ళు తిరిగేవి. కళ్ళ నీళ్ళు తిరిగినప్పుడు ఎవరు మణికట్టు పట్టుకుని చూస్తారు?

వియ్యపురాలు కాఫీ సగంలో వదిలేసి పోయింది. కాళ్ళకు చెప్పులు కూడా సరిగా వేసుకోలేదు. నేను ఆపలేదు.

కానీ వారం తిరక్కముందే నేను పెనుకొండ పోయాను. సంచిలో పది ఖాళీ కండెలు తీసుకుపోయాను, మా ఆయన మగ్గం పక్కన పడేసినవి, చేతిలో ఆడీ ఆడీ నున్నబడినవి. వియ్యపురాలు పలకరించలేదు. ఆమె కూతురిని మాత్రం పక్కన కూర్చోబెట్టుకున్నాను. డాక్టరమ్మ మా పిల్లను ఇంటికి పంపేటప్పుడు చెప్పిన మాట చెప్పాను. ఏడో నెల పడినాక రోజూ అన్నం తిని రెండు గంటలు ఎడమ పక్కకు పడుకో. ఈ పది కండెలు తల దగ్గర పెట్టుకో. బిడ్డ కదిలినప్పుడల్లా ఒకటి తీసి అవతల వైపు పెట్టు. నీ బిడ్డ తీరు ఏందో నాలుగు రోజుల్లో నీకే తెలుస్తుంది. ఆ తీరు తప్పిన రోజు ఎవరినీ అడగొద్దు, మీ అమ్మను అడగొద్దు, నన్ను కూడా అడగొద్దు. లేచి పో.

ఆ పిల్ల నవ్వింది. కండెలతో బిడ్డను నేస్తున్నామా అత్తా అంది. నేస్తున్నావు, దారం తెగితే తెలియాల గదా అన్నాను.

ఎనిమిదో నెలలో ఒకరోజు సాయంత్రం ఫోను చేసింది. హిందూపురం ఆసుపత్రి నుంచే చేసింది. ఆ పూట నాలుగే కండెలు మారినాయట. పది మారేవి రోజూ. ఎవరినీ అడక్కుండా లేచి మొగుడి బండి ఎక్కి వచ్చేసిందట. బెల్టులు కట్టి చూశారు, బిడ్డ బాగుంది, ఇంటికి పొమ్మన్నారు. వెనక నుంచి వియ్యపురాలి గొంతు వినపడింది. ఆమె కూడా బస్సెక్కి వెంట పోయింది. చూసినావా వదినా, ఎనిమిదో నెల్లో పిల్లను ఊరికే తిప్పించినావు అని గట్టిగా అంటోంది, నాకు వినపడాలనే.

ఊరికే పోయి రావడమే నాక్కావలసింది అన్నాను. రేపు మళ్ళీ అనుమానం వస్తే రేపు మళ్ళీ ఊరికే పోయి రండి. నేను బతికున్నన్నాళ్ళు మీరందరూ ఊరికే పోయి ఊరికే రావాలి.

ఆమె ఫోను పెట్టేసింది. వెంట పోయిన మనిషి ఆమే కదా, గడపకు అడ్డం నిలబడలేదు. నాకది చాలు.

మిషను అటక మీదే ఉంది. దానిలోని బ్యాటరీలు తీసి గోడ గడియారానికి వేశాను. బాగా నడుస్తోంది. ఎవరన్నా వచ్చి అడిగితే కండెలు ఇస్తాను, కూర్చోబెట్టి అన్నం పెడతాను, కావాలంటే ఆసుపత్రికి వెంట వస్తాను. మిషను మాత్రం ఇవ్వను.